ముందు లెన్సు కొను తల్లీ

ప్రసన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు పిట్టల ఫోటోలు తీస్తానని కెమెరాకి లోను పెడుతోంది, నువ్వన్నా చెప్పు" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషమూ ఉంది, భయమూ ఉంది. చంద్రగిరి చెరువు గట్టు మీద నా బైనాక్యులర్స్ తిరగేసి పట్టుకుని "మామా, కొంగ దూరంగా పోయింది" అన్న పిల్లవి నువ్వు. ఇప్పుడు నీ జీతంతో కెమెరా కొంటున్నావు.

నువ్వు అనుకున్న ఫుల్ ఫ్రేమ్ బాడీ, అంటే పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా, మంచిదే. కానీ అది కొన్నాక లెన్సుకి ఏం మిగులుతుంది? ఎంఎం అంకె ఎంత పెద్దదైతే లెన్సు అంత దగ్గరగా చూపిస్తుంది, మీ అమ్మ చెప్పిన లెక్క ప్రకారం నువ్వు 300 ఎంఎం దగ్గర ఆగిపోతావు. అది విన్నాకే నాకు దడ మొదలైంది. ఎందుకో చెప్తాను. ఈ సంగతి మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2012లో నేనూ ఇదే పని చేశాను. మీ అత్త గాజులు రెండు కుదువ పెట్టి ఫుల్ ఫ్రేమ్ బాడీ తెచ్చాను. మిగిలిన డబ్బుకి 70-300 జూమ్ వచ్చింది. అదే లెన్సు క్రాప్ సెన్సార్ బాడీకి, అంటే చిన్న సెన్సార్ కెమెరాకి, తగిలించి ఉంటే 450 అంత దగ్గరగా చూపేది. నా బాడీ మీద 300 అంటే 300 మాత్రమే. యాభై అడుగుల దూరంలో పిట్ట ఫ్రేములో గోరంత కనబడేది. లెన్సు చాలకపోతే మనిషి కాళ్ళకి పని చెప్తాడు. నేనూ ముందుకు జరిగాను.

ఏప్రిల్‌లో స్వర్ణముఖి ఒడ్డున మట్టి గట్టులో పసిరికలు, అవే ఆ చిన్న పచ్చ పిట్టలు, బొరియ తవ్వి పిల్లల్ని పెట్టాయి. నేను పదిహేను అడుగుల దాకా పోయి కూర్చున్నాను. ఒక పసిరిక తూనీగని ముక్కున కరుచుకుని వచ్చి ఎండు కంప మీద వాలింది. బొరియలోకి మాత్రం పోలేదు. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, ఎగిరి ఒక చుట్టు చుట్టి మళ్ళీ అదే కంప మీద వాలింది. నా అదృష్టం బాగుందని మురిసిపోతూ నొక్కుతూనే ఉన్నాను. 62 ఫోటోలు వచ్చాయి. ఒకటి పెద్దది చేయించి హాల్లో పెట్టాను. తూనీగ రెక్కల్లో ఈనెలు కూడా లెక్కపెట్టవచ్చు.

నాకన్నా ఎన్నో ఏళ్ళ ముందు నుంచి పిట్టల్ని చూస్తున్న పెద్దాయన ఒకరు ఇంటికొచ్చి, ఆ ఫోటో ముందు నిలబడి ఒకే మాట అడిగారు: "ఎంతసేపు పట్టుకుని ఉంది?" ఆయన వెళ్ళాక కంప్యూటర్లో టైము చూశాను. మొదటి ఫోటో 7.12కి, చివరిది 8.03కి. అన్నిట్లోనూ అదే తూనీగ, కుడి పక్క కింది రెక్క కొస చిరిగినది. యాభై ఒక్క నిమిషాలు! గూటి వైపు చూస్తున్న కళ్ళు కనబడితే పసిరిక లోపలికి పోదని నాకు అప్పటికి తెలియదు. లోపల పిల్లలు ఆకలితో ఎదురుచూస్తుంటే నేను అడ్డంగా కూర్చుని ఫోకస్ సరిచేసుకుంటున్నాను. వారం తర్వాత పోతే బొరియ మూతికి సాలెగూడు అల్లుకుని ఉంది. నా వల్లే అని ఎవరూ రుజువు చేయలేరు. ఆ ఫోటో మాత్రం గోడ మీద నుంచి దించేశాను.

అందుకే డబ్బు ముందు లెన్సుకి పెట్టు, మిగిలినదానికి బాడీ చూడు. క్రాప్ బాడీ అంటే చిన్నచూపు వద్దు. నికాన్‌లో 1.5 రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు దగ్గరగా కనబడుతుంది. ఆ లెక్క కలుపుకుని 600కి తగ్గకుండా చూసుకో. నికాన్ డి500 వచ్చింది 2016లోనే అయినా సెకనుకి 10 ఫోటోలు తీస్తుంది, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని రకం, కావాలంటే కెనాన్ ఆర్7 చూడు. పిట్ట కన్ను ఎక్కడుందో అదే వెతికి ఫోకస్ చేస్తుంది, ఎగిరేవాటికి చాలా మేలు.

బరువు సంగతి మరిచిపోకు. నికాన్ 200-500 లెన్సు ఒక్కటే 2.3 కిలోలు. షాపులో పది నిమిషాలు కంటి దగ్గర ఎత్తి పట్టుకుని చూడు, నీకసలే మెడ నొప్పి. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 అయితే 635 గ్రాములే. కానీ చివర్లో ఎఫ్8, అంటే లోపలికి వెలుతురు తక్కువ వస్తుంది. తలకోన చెట్ల నీడలో ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుతురుకి పెంచుకునే అంకె, 6400 దాకా పోవాలి. గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వస్తే రానీ, షటర్ స్పీడు తగ్గించకు. లెన్సుని రెట్టింపు దగ్గర చేసే 2ఎక్స్ కన్వర్టర్ ఊసెత్తకు, ఎఫ్5.6 కాస్తా ఎఫ్11 అయిపోతుంది. సెకండ్ హ్యాండ్ లెన్సయితే టార్చి వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడు. బిల్లు లేకుండా కొనకు.

పులికాట్‌లో, నేలపట్టులో పొద్దున పది దాటితే ఎండకి గాలి అలలు అలలుగా కదులుతుంది. అప్పుడు ఎంత పెద్ద లెన్సయినా ఫోటో మెత్తగానే వస్తుంది, ఇంటికి వచ్చెయ్.

శేషాచలం అడవిలోకి ఒంటరిగా, పర్మిషన్ లేకుండా అడుగు పెట్టావంటే నేనే వచ్చి కెమెరా లాక్కుంటాను. కంటికి ఆరువందల లెన్సు పెట్టుకున్న మనిషికి పక్కన ఏం నిలబడిందో తెలియదమ్మా. చిరుతలు అలిపిరి మెట్ల దాకా వస్తున్న కాలం ఇది. పలమనేరు వైపు పోతే ఏనుగులు. పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

ఇక లోను. గాజులు విడిపించడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో మీ అత్త ఒక్క పెళ్ళికి కూడా పోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే లోను కాగితాల మీద ఇప్పుడే సంతకం పెట్టకు. ఆదివారం ఇంటికి రా. నా 200-500, దాని బాడీ నీ దగ్గరే ఒక నెల ఉంచుకో. నేలపట్టు గూడబాతుల దగ్గరికి రెండుసార్లు పోయిరా. నీ చేతులకి ఏది సరిపోతుందో తెలిశాక కొందాం, తక్కువైతే నేను సర్దుతాను.

దించేసిన ఆ ఫోటో బీరువాలో ఉంది. మిగతావి కంప్యూటర్లో ఉన్నాయి. 62 కూడా వరసగా చూపిస్తాను, కింద టైము చూస్తూ చూడు.

మీ మామ