పెళ్లి ఫొటోలు తీసుకోమంటే పలకడం లేదు

ప్రశ్న: మాది భద్రాచలం ఏజెన్సీలో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊరు. మావారు పత్రికకు ఫొటోలు తీస్తారు. ఈమధ్య ఎన్‌కౌంటర్‌లో చనిపోయినవాళ్లలో ఆశ్రమ పాఠశాలలో ఆయనతో చదివిన అబ్బాయి ఉన్నాడు. మార్చురీ దగ్గర ఫొటో తీసింది ఈయనే. అప్పట్నుంచి నిద్రపోరు, పాపను కసురుకుంటారు. ఇది మానేసి పెళ్లి ఫొటోలు తీసుకోమంటే పలకరు. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీవారు చిన్ననాటి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నారు. ఆ ఏడుపు ఎవరి ముందూ ఏడవలేరు. కన్నీళ్లు పెడితే పోలీసులకు అనుమానం, పెట్టకపోతే ఊళ్లో నిష్ఠూరం. బయటినుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ పని కాగానే వెళ్లిపోతాడు. ఈయన మర్నాడు ఆ అబ్బాయి తల్లికి ఎదురుపడాలి. అందుకే ఇప్పుడు ఉద్యోగం ఊసెత్తకండి. మీరు ప్రేమతోనే అన్నా, ‘నువ్వు చేసింది తప్పు’ అన్నట్టే ఆయనకు వినిపిస్తుంది.

ఆ పని చిన్నదీ కాదు. 2020లో అమెరికాలో జర్నలిజానికిచ్చే పెద్ద పురస్కారం పులిట్జర్ అందుకున్న దార్ యాసిన్, ముఖ్తార్ ఖాన్, చన్నీ ఆనంద్ తమ సొంత జమ్మూ కశ్మీర్‌లో ఆర్టికల్ 370 రద్దు తర్వాతి ఆంక్షల రోజులనే ఫొటోలు తీశారు.

అయితే దెబ్బ మాత్రం నిజం. మానసిక వైద్యుడు ఆంథొనీ ఫైన్‌స్టీన్ బృందం యుద్ధ విలేకరులను పరిశీలించి 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నూటికి దాదాపు 29 మందికి ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ (ఘోరాలు చూశాక మనసును వదలని జబ్బు) వచ్చింది. పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు.

పాప ఆడుకునే ఫోన్లోనే ఆ ఫొటోలు ఉన్నాయేమో చూడండి. మీరు డిలీట్ చేయకండి, అవి ఆయన వృత్తికి ఆధారాలు. వేరే కార్డులోకి మార్చుకోమనండి. అర్ధరాత్రి గ్యాలరీ తెరిచి చూసే అలవాటు తగ్గుతుంది. కొన్ని వారాలు పోడు, పంటలు, వరదల వార్తలకు పంపమని డెస్క్‌ను అడగమనండి. మానేయడం వేరు, ఊపిరి తీసుకోవడం వేరు.

ఇంకో మాట. కెమెరా లేకుండా వెళ్లి ఆ అబ్బాయి వాళ్లమ్మను పలకరించాలని ఉందా అని మెల్లగా అడగండి. ఉందంటే మీరూ తోడెళ్లండి. లేదంటే బలవంతం వద్దు.

నెల దాటాక కూడా నిద్ర పట్టకపోయినా, ఉలిక్కిపడి లేస్తున్నా సైకియాట్రిస్టును కలవాల్సిందే. దానికి ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీకు టెన్షన్‌గా ఉన్నా చేయండి. ‘బతకాలని లేదు’ అన్న మాట ఆయన నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.