మెయిల్స్ మీరు రాస్తే ఇంటర్వ్యూ ఎవరిస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఒక ప్రైవేట్ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్. అమెరికా లైసెన్సు పరీక్షలో మొదటిదైన స్టెప్ 1 పాసయ్యాడు. వాణ్ణి అమెరికాలో సర్జరీ రెసిడెన్సీ (మన పీజీ లాంటి శిక్షణ) చేయించాలని మా కోరిక. వాడు పెద్దగా మాట్లాడడు, డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటాడు. అందుకే అబ్జర్వర్‌షిప్ కోసం అక్కడి ప్రొఫెసర్లకు వాడి పేరుతో నేనే మెయిల్స్ పెడుతున్నాను. దరఖాస్తులో వాడి గురించి వాడే రాసుకోవాల్సిన పర్సనల్ స్టేట్‌మెంట్ కూడా నేనే మొదలుపెట్టాను. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? లేక ఇక్కడే నీట్ పీజీ మేలంటారా? రెండూ పోల్చి చెప్పండి మేడమ్.
– ఒక తండ్రి, మారతహళ్ళి

జవాబు: ముందు ఆ మెయిల్స్ ఆపండి. ఈ రాత్రి నుంచే. కోప్పడుతున్నాననుకోకండి. సరే, కాస్త కోప్పడుతున్నాను. మీరు ఆఫీసులో ఎన్నో ప్రపోజల్స్ రాసి ఉండొచ్చు. కానీ పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ఉన్న ప్రతి వాక్యం మీదా ఇంటర్వ్యూలో ప్రశ్న పడుతుంది. మీరు రాసింది చదువుకుని మీవాడు జవాబు చెప్పాలా?

మీ ఉత్తరంలో రాయని మాట ఒకటి నాకు వినిపిస్తోంది. తెలిసినవాళ్ళ అబ్బాయెవరికో అమెరికాలో మ్యాచ్ అయి ఉంటుంది, అంటే రెసిడెన్సీ సీటు వచ్చి ఉంటుంది. ఆ అబ్బాయికి ఏ బ్రాంచి వచ్చిందో అడిగారా? 2024 మ్యాచ్‌లో బయటి దేశాల్లో చదివిన, అమెరికా పౌరులు కాని డాక్టర్లలో 58.5 శాతం మందికి సీటు దొరికింది. ఆ సీట్లలో ఎక్కువ భాగం ఇంటర్నల్ మెడిసిన్‌వి. సర్జరీ లెక్క వేరు. అక్కడ వాళ్ళ పిల్లలే పోటీపడి సీట్లు నింపేస్తారు. న్యూరో, ఆర్థో, ప్లాస్టిక్ అయితే చెప్పనే అక్కర్లేదు.

కన్సల్టెన్సీల బ్యానర్ మీద ‘సర్జరీలో మ్యాచ్’ అని ఉంటే ఒక్క మాట అడగండి: కేటగారికలా, ప్రిలిమినరీనా? కేటగారికల్ అంటే అయిదేళ్ళూ మీదే. ప్రిలిమినరీ అంటే ఒక్క ఏడాది. ఆ ఏడాదంతా వారానికి 80 గంటల దాకా పనిచేస్తూనే, మళ్ళీ సీటు కోసం తిరగాలి. అందులోంచి కేటగారికల్‌కు మారినవాళ్ళు లేకపోలేదు. ఏడాది తర్వాత ఏం చేయాలో తోచక నాకు ఫోన్ చేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ఫొటోలు మాత్రం బ్యానర్ మీద అలాగే ఉన్నాయి.

ఇక అబ్జర్వర్‌షిప్. పేరులోనే ఉంది, చూడ్డమే. పేషెంట్‌ను ముట్టుకోనివ్వరు. ఫైనల్ ఇయర్‌లో ఉండగా అక్కడి ఆసుపత్రికి వెళ్ళి చేసే ఎలక్టివ్‌లో చేత్తో పని చేయనిస్తారు, దాన్ని చూసి రాసే రికమెండేషన్‌కు బరువుంటుంది. మీవాడికి ఆ సమయం దాదాపు దాటిపోయింది. డబ్బు కట్టి నాలుగు వారాలు ఒక మూల నిలబడి తెచ్చుకునే లెటర్ సర్జరీకి పెద్దగా పనికొస్తుందని నేను నమ్మను. 2022 జనవరి నుంచి స్టెప్ 1కి మార్కులు తీసేశారు, పాసా ఫెయిలా అంతే. కాబట్టి స్టెప్ 2 స్కోరు, లెటర్లు, రీసెర్చ్ మీదే భారమంతా. చాలామంది ఏదో ఒక ల్యాబ్‌లో ఒకటి రెండేళ్ళు జీతం లేకుండా చేస్తున్నారు. ఆ ఖర్చు మీ లెక్కలో ఉందా? పైగా రెసిడెన్సీని జె-1 వీసా మీద చేస్తే, చదువయ్యాక రెండేళ్ళు ఇండియాలో ఉండాలి, లేదంటే డాక్టర్లు దొరకని ఊళ్ళో మూడేళ్ళు పనిచేసి ఆ షరతు మాఫీ చేయించుకోవాలి.

ఇంటర్వ్యూ గురించి అడిగారు. ఇప్పుడు చాలావరకు జూమ్‌లోనే, మనకు సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాకా. జయనగర్‌లో నా గదిలో ఒకమ్మాయికి మాక్ ఇంటర్వ్యూ పెట్టాను. “మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పండి” అన్నాను. “నాకు పర్ఫెక్షన్ ఎక్కువండి” అంది. యూట్యూబ్ జవాబు. కాఫీ ఇచ్చి ల్యాప్‌టాప్ మూసేశాను. అప్పుడు చెప్పింది: నైట్ డ్యూటీలో ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన డ్రెయిన్ గొట్టంలోంచి బ్యాగులోకి వచ్చిన నీళ్ళు కొలవకుండా, పాత అంకే మళ్ళీ కేస్ షీట్‌లో రాసేసిందట. తెల్లారి రౌండ్స్‌కు ముందే భయం వేసి వెళ్ళి చూస్తే బ్యాగు నిండుగా, ఎర్రగా ఉంది. తనే పీజీ డాక్టర్ని నిద్రలేపి, రాసింది తప్పని ఒప్పుకుంది. పెద్దాయన్ని మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళారు, బతికాడు. “ఇది చెప్పకూడదు కదా మేడమ్?” అని అడిగింది. ఇదే చెప్పాలమ్మా అన్నాను. తప్పు చేశాక ఎవరికి చెప్పావు, ఎంత త్వరగా చెప్పావు, ఆ తర్వాత ఏం మార్చుకున్నావు – సర్జన్లు వినేది అవే. ఇలాంటివి మీరు రాసివ్వలేరు. మీరు ఆ వార్డులో లేరు.

పోల్చమన్నారు. నీట్ పీజీకి ఇంటర్వ్యూ లేదు, మాటకారితనం అక్కర్లేదు, ర్యాంకే మాట్లాడుతుంది. ఎంఎస్ మూడేళ్ళు, కావాలంటే సూపర్ స్పెషాలిటీ ఎంసీహెచ్ ఇంకో మూడేళ్ళు. న్యూరో మీదే మనసుంటే హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్‌లో ఎంబీబీఎస్ తర్వాత నేరుగా ఆరేళ్ళ కోర్సుంది, ఐఎన్ఐ-సెట్ అనే వేరే ప్రవేశ పరీక్ష ద్వారా. అమెరికా జనరల్ సర్జరీ అయిదేళ్ళు, దానికి ముందు ఎదురుచూపులు. కాలం లెక్కన పెద్ద తేడా లేదు. నన్నడిగితే ముందు ఇక్కడి పరీక్షే రాయమంటాను. అమెరికా వెళ్ళాలని మీవాడికే గట్టిగా ఉంటే వద్దనను.

డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటున్నాడని రాశారు. ముప్పై గంటలు నిలబడిన పిల్లాడు పడుకోక ఏం చేస్తాడండీ? అది ఆసక్తి లేకపోవడం కాదు. మాట్లాడకపోవడం కూడా లోపం కాదు, నాకు తెలిసిన మంచి సర్జన్లలో సగం మంది మితభాషులే. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకు ఒక ఏడాది అటూ ఇటూ అయితే కొంప మునగదు.

సర్జరీ పోస్టింగ్‌లో తన చేత్తో చేసిన పది కేసులు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని నా గదికి రమ్మనండి, తెలుగులో రాసినా సరే. డ్యూటీ లేని ఆదివారం, బాగా నిద్రపోయాక. మీరు తోడు వస్తే కింద టిఫిన్ సెంటర్ ఉంది, అక్కడ కూర్చోండి.