గడప బయట పీట వేసుకో నాయనా

తిరుపతి, మే 2021

ఒరే చిన్నోడా,

ఈ కరోనా కాలంలో అమ్మను గడప దాటనీకుండా సరుకులూ మందులూ అన్నీ ఇంటికే తెప్పిస్తానన్నావంట. మీ అమ్మ ఫోన్లో చెప్తావుంటే, నా చెల్లెలు ఎంత మంచి కొడుకును కనిందని కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఫోను పెట్టేసినాక మాత్రం గుండె దడ పట్టుకుంది. అమ్మకు షుగరుంది. నువ్వేమో వాకిట్లోకొచ్చిన ప్రతి మనిషితో మాటలు కలిపే రకం, అచ్చం మీ పెద్దనాయన లెక్క.

కర్ఫ్యూతో మధ్యాహ్నం 12కే అంగళ్ళు మూస్తావుండారు, చీటీ ముందురోజు రాత్రే పంపించు. డబ్బు ఫోన్లోనే కట్టేయి. సరుకులు సర్దినాక సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకో. శానిటైజర్ తడి ఆరకుండా స్టవ్ దగ్గరికి పోవద్దు, భగ్గుమంటుంది.

ఇంక నేను చేసిన తప్పు విను. పోయిన ఏడాది జూలై. ప్లాస్టిక్ మీద వైరస్ 3 రోజులుంటుందని టీవీలో విని పాల ప్యాకెట్లు సర్ఫు నీళ్ళలో ముంచేదాన్ని. ఎర్రగడ్డలు మిద్దెమీద ఎండబోసేదాన్ని. నోట్లు ఇస్త్రీ చేసేదాన్ని. ఒకరోజు అంగడి పిల్లోడు 25 కిలోల బియ్యం మూట భుజాన వేసుకొని రెండంతస్తులు ఎక్కొచ్చినాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. పాపమనిపించి హాల్లోకి పిలిచి ఫ్యాను కింద కూర్చోబెట్టినా. మాస్కు గడ్డం కిందికి లాక్కొని చెంబెడు నీళ్ళు తాగినాడు. నాకు మాస్కే లేదు. కిటికీలు మూసే ఉన్నాయి. చీటీ చూసి ఒక్కో సరుకూ లెక్కబెట్టుకుంటా, 2000 నోటుకు చిల్లర వెతుక్కుంటా, వాళ్ళమ్మ బాగుందా అని అడుగుతా పావుగంట గడిపినాం. మధ్యలో రెండుసార్లు దగ్గి, "దుమ్మమ్మా" అన్నాడు. వాడు పోతానే నేను శానిటైజర్ కొట్టింది బియ్యం మూటకు!

ఐదోరోజు తిరగమోత వేస్తే వాసన రాలేదు. ఇంగువ డబ్బా ముక్కుకు ఆనించుకున్నా తెలియలేదు. ఆ రాత్రే మీ పెద్దనాయనకు జ్వరం. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఏటా అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కే మనిషి, ఇప్పుడు మా మిద్దె మెట్ల మధ్యలో గోడ పట్టుకొని నిలబడిపోతాడు. ఆ పిల్లోణ్ణి ఏమీ అనను. వాడి నుంచి మాకొచ్చిందో, మా నుంచే వాడికి పోయిందో! మూసిన గదిలో మాస్కు లేకుండా కూర్చోబెట్టింది నేను.

ఈ రోగం ముఖ్యంగా ఊపిరితోనే వస్తుంది, సంచీల మీద నుంచి రావడం చాలా అరుదని ఇప్పుడు డాక్టర్లే చెప్తావుండారు. కూరగాయలకు సబ్బు పెట్టొద్దు, ఉత్త నీళ్ళు చాలు. గడప బయట పీట వెయ్యి, దానిమీదే పెట్టి పొమ్మను. వాళ్ళు మెట్లు దిగినాకే తలుపు తియ్యి. మాట్లాడక తప్పకపోతే మాస్కు ముక్కు మీద ఉండాల. చిత్తూరు ఎండలో తిరిగే పిల్లోళ్ళు, పీట పక్కన నీళ్ళ బాటిల్ పెట్టు, కసురుకోవద్దు. మీ ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు అంగడికి చెప్పు, గేటు దగ్గరే పెట్టి పోతారు. దాచిపెట్టినావో, నేను ఊరుకోను.

రేపు పొద్దున మీవైపు వచ్చే వ్యానులో బేనీషా మామిడికాయల పెట్టె పంపిస్తావుండా. పీట మీదే దించుకో. రెండు కాయలు ముందే సంచీలో వేసి ఆ డ్రైవరు కోసం అక్కడ పెట్టు.

మీ పెద్దమ్మ