జల్లెడ పట్టుకున్న రాణి

పాత యూరప్ చిత్రాల్లో రాజులు, రాణుల చేతుల్లో కనిపించే గోళాలు, జల్లెడలు, పూలకి అర్థం ఉందా, ఉత్త అలంకారమా అని అడిగారు. అర్థం ఉంది. మొదట్లో నేనూ అలంకారమే అనుకున్నాను.

లండన్‌లో చదువుకునేటప్పుడు ఓ ఆదివారం గ్రీనిచ్‌లోని క్వీన్స్ హౌస్‌కి వెళ్ళాను, టికెట్ లేదు కాబట్టే వెళ్ళాను లెండి. అక్కడ ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ ఆర్మడా చిత్రం ఉంది, ఆర్మడా అంటే ఇంగ్లండ్ మీదికొచ్చిన స్పెయిన్ నౌకాదళం. ఒళ్ళంతా ముత్యాలే. ఎంత డబ్బో అనుకుని కదలబోతుంటే గదిలో ఉన్న పెద్దాయన, ఆవిడ కుడిచెయ్యి ఎక్కడుందో చూడమన్నాడు. భూగోళం మీద, సరిగ్గా అమెరికా ఖండాల మీద వేళ్ళు! వెనక రెండు కిటికీల్లాంటి దృశ్యాలు: ఒకదాంట్లో ఇంగ్లిష్ నౌకలు, రెండోదాంట్లో తుఫానులో రాళ్ళకి కొట్టుకుంటున్న స్పెయిన్ నౌకలు. 1588లో స్పెయిన్ దండయాత్ర విఫలమయ్యాక గీయించిన బొమ్మ మరి. ముత్యాలు కూడా డబ్బు చూపించుకోవడానికే కాదు, పెళ్ళి చేసుకోని రాణి కన్యాత్వానికి గుర్తు. ఇదే చిత్రం ఇంకో ప్రతి లండన్‌లోనే నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది, దాన్ని ఎప్పుడో రెండు పక్కలా కోసేశారు, ఓడల కథ దాదాపు పోయింది, చూస్తే ఏదో నగల ప్రకటనలా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది జల్లెడ. మనం జల్లెడతో నీళ్ళు తోడినట్టు అంటే వృథా పని అని కదా, వాళ్ళకి పూర్తిగా తిరగబడింది. రోమ్‌లో టూషియా అనే పూజారిణి మీద నింద పడితే, టైబర్ నది నీళ్ళు జల్లెడలో ఒక్క చుక్క కారకుండా మోసుకొచ్చి తన శీలం నిరూపించుకుందట. మన అగ్నిపరీక్ష లాంటిదే, నిప్పుకి బదులు నీళ్ళు. 1579 నుంచి చిత్రాల్లో ఎలిజబెత్ చేతికి ఆ జల్లెడ వచ్చింది, సరిగ్గా ఫ్రాన్స్ రాజు తమ్ముడితో పెళ్ళి మాటలు నడుస్తున్న రోజులవి. ఇటలీలోని సియెనాలో ఉన్న 1583 నాటి చిత్రంలోనైతే వెనక స్తంభం మీద ఈనియస్, డైడోల కథ కూడా గీశారు, ఈనియస్ డైడో రాణి ప్రేమని వదిలి రాజ్యం కోసం వెళ్ళిపోయిన కథ.

అందుకే వస్తువు కనిపిస్తే ముందు ఆ ఏడాది ఆ రాజ్యంలో ఏం టెన్షన్ నడుస్తోందో వెతకండి. అలాగని అన్నీ తేలవు. ఇంగ్లండ్‌లో హాట్‌ఫీల్డ్ హౌస్ అనే భవంతిలో ఉన్న చిత్రంలో ఎలిజబెత్ అంగీ నిండా కళ్ళు, చెవులు ఉంటాయి. గూఢచారులని కొందరు, కీర్తి అని కొందరు, ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.