పాఠకుల ప్రశ్నలు: దానియేలు డెబ్బై వారాలు ఎప్పుడు మొదలయ్యాయి?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. ఈమధ్య మా బైబిలు స్టడీలో ఒక దైవజనుడు దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బై వారాలు క్రీ.పూ. 457లో మొదలయ్యాయని చెప్పారు. తర్వాత వచ్చిన ఇంకొకాయన కాదు, క్రీ.పూ. 445 అన్నారు. ఇద్దరి లెక్కా యేసుప్రభువు దగ్గరికే వచ్చి ఆగింది. మొదలు వేరైనప్పుడు చివర ఒకటే ఎలా అవుతుంది? లెక్కను కావాలని సరిపెడుతున్నారేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక సోదరి)

జవాబు: అమ్మా, మీ అనుమానం అవిశ్వాసం కాదు. లెక్క చెప్పినవారిని అది ఎలా వచ్చిందని అడగాల్సిందే. ఆ ఇద్దరిలో ఒకరు మామూలు సంవత్సరాలతో లెక్కపెట్టారు, ఇంకొకరు 360 రోజుల సంవత్సరాలతో. అందుకే మొదలు వేరైనా చివర దగ్గరదగ్గరగా వచ్చింది.

ముందు వాక్యం చూడండి. యెరూషలేమును మళ్లీ కట్టించమనే ఆజ్ఞ బయలుదేరింది మొదలు అభిషిక్తుడు, అంటే మెస్సీయ, వచ్చేవరకు ఏడు వారాలు, అరవై రెండు వారాలు అని 25వ వచనం. మొత్తం 69. వారానికి ఏడేళ్ల చొప్పున 483 సంవత్సరాలు. ఈ ఏడేళ్ల లెక్క ఎవరో ఊహించి పెట్టింది కాదు. అప్పటికి దానియేలు యిర్మీయా ప్రవచనం చదివి, యూదుల బబులోను చెర డెబ్బై ఏళ్లని గ్రహించి, గోనెపట్ట కట్టుకుని ప్రార్థిస్తున్నాడు. ఆ డెబ్బై ఏళ్లు ఎందుకో రెండవ దినవృత్తాంతములు 36:21 చెబుతుంది: దేశం తనకు రావలసిన విశ్రాంతి సంవత్సరాలను అనుభవించడానికి. ఏడేళ్లకోసారి భూమిని దున్నకుండా వదలాలన్నది ధర్మశాస్త్రం. అలా వదలని ఏళ్లు డెబ్బై అయితే, వాటి వెనక 490 ఏళ్ల అవిధేయత ఉంది. దానియేలుకు ఈ మాట తెచ్చిన గబ్రియేలు దూత ఇప్పుడు ముందుకు చూపిస్తున్నదీ 490 ఏళ్లే! దానియేలు డెబ్బై కోసం అడిగితే దేవుడు డెబ్బై ఏడుల సంగతి చెప్పాడు. అతిక్రమం మాన్పడం, దోషానికి ప్రాయశ్చిత్తం చేయడం, యుగాంతం వరకు ఉండే నీతిని తేవడం అని 24వ వచనం జాబితా ఇస్తోంది. ఈ అధ్యాయంలో నా మనసు నిలిచేది ఇక్కడే. తేదీల హడావుడిలో చాలామంది దీన్ని దాటుకుని వెళ్లిపోతారు, అదే నా బాధ.

ఇక ఆజ్ఞ. లేఖనాల్లో నాలుగు కనిపిస్తాయి. క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు ఇచ్చింది, తర్వాత రాజైన దర్యావేషు దాన్ని ధ్రువపరిచింది, ఈ రెండూ ప్రధానంగా మందిరం గురించి. కోరెషు ఆజ్ఞ నుంచి 483 ఏళ్లు లెక్కపెడితే క్రీ.పూ. 55 దగ్గరే ఆగిపోతాం. మూడోది ఇంకో పారసీక రాజు అర్తహషస్త ఏలుబడి ఏడవ ఏట ఎజ్రాకు ఇచ్చిన తాకీదు, అదే మీరు విన్న 457. నాలుగోది అదే రాజు ఇరవయ్యో ఏట నీసాను నెలలో నెహెమ్యాకు ఇచ్చిన సెలవు, అది 445 లేదా 444.

445కు ఉన్న పెద్ద బలం, నెహెమ్యా 2వ అధ్యాయంలో పట్టణం, ప్రాకారం, గుమ్మాలు అన్నీ నేరుగా కనిపించడం. కానీ మామూలు సంవత్సరాలతో లెక్కిస్తే క్రీ.శ. 39కి చేరతాం. ప్రభువుకు సిలువ శిక్ష వేసిన పిలాతు అధికారం 36లోనే ముగిసింది కాబట్టి అది కుదరదు. అందుకని లండన్ పోలీసు శాఖలో పెద్ద హోదాలో పనిచేసిన సర్ రాబర్ట్ ఆండర్సన్ 483ను 360తో హెచ్చవేసి 1,73,880 రోజులు చేశారు. క్రీ.పూ. 445 మార్చి 14న మొదలుపెట్టి క్రీ.శ. 32 ఏప్రిల్ 6కు, అంటే ప్రభువు గాడిదపై యెరూషలేము ప్రవేశించిన రోజుకు చేర్చారు. ఎంత కచ్చితంగా ఉందో అనిపిస్తుంది. అయితే పస్కా శుక్రవారానికి దగ్గరగా పడి, సిలువకు బాగా సరిపోయే ఏళ్లు 30, 33 అని చంద్రుని గమనాన్ని లెక్కగట్టినవారు చెబుతారు. 32 సరిపోదు. అందుకే తర్వాత హెరాల్డ్ హోనర్ అనే పండితుడు 444 నుంచి మొదలుపెట్టి 33కు తెచ్చారు. దీనిపై నా అభ్యంతరం వేరు. యూదులు అవసరమైన ఏడాది ఒక నెల అదనంగా చేర్చి, పస్కాను యవల పంట కాలానికే ఉంచుకునేవారు. విశ్రాంతి సంవత్సరం కూడా భూమితో, కోతతో ముడిపడినదే. అలాంటి ఏళ్లను 360 రోజులుగా కుదించడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

నేను తరగతుల్లో చెప్పేది 457. 483లోంచి 457 తీసేస్తే 26. సున్నా సంవత్సరం లేదు కాబట్టి ఒకటి కలపాలి, క్రీ.శ. 27. ప్రభువు బాప్తిస్మానికి అది దగ్గర. "దేవాలయము నలువదియారు సంవత్సరములు కట్టిరే" అని యోహాను 2:20లో యూదులన్న మాటను హేరోదు పని మొదలుపెట్టిన క్రీ.పూ. 20 లేదా 19 నుంచి లెక్కిస్తే 27, 28 ప్రాంతమే వస్తుంది. ఎజ్రా తాకీదులో పట్టణం కట్టమని లేదు కదా అంటారు. నిజమే, లేదు. కానీ ఎజ్రా 4:12లో శత్రువులు ఇదే అర్తహషస్తకు రాస్తూ, నీ దగ్గరనుంచి వచ్చిన యూదులు పట్టణం కడుతున్నారని ఫిర్యాదు చేస్తారు. అంటే నెహెమ్యాకు ముందే పని మొదలై ఆగిపోయింది.

ఈ లెక్కలోనూ ఒక బిగువు ఉంది, దాచను. రోమా చక్రవర్తి తిబెరి కైసరు పదునైదవ ఏట బాప్తిస్మమిచ్చు యోహాను పరిచర్య మొదలైందని లూకా 3:1. అతనికి ముందు ఏలిన అగస్తు చనిపోయిన క్రీ.శ. 14 నుంచి లెక్కిస్తే అది 28, 29 అవుతుంది. తిబెరి అంతకుముందే అగస్తుతో కలిసి అధికారం పొందిన కాలాన్ని కలుపుకుంటేనే 27కు దగ్గరపడుతుంది. కాబట్టి ఫలానా రోజని బల్లగుద్ది చెప్పను. ఆ తరం అని మాత్రం ధైర్యంగా చెబుతాను. అభిషిక్తుడు నిర్మూలమైన తర్వాతే పట్టణం, పరిశుద్ధ ఆలయం నాశనమవుతాయని 26వ వచనం. ఆలయం క్రీ.శ. 70లో కాలిపోయింది. మెస్సీయ అంతకుముందే రావాలి.

ఇదంతా క్రీ.పూ. 167లో సిరియాను ఏలిన గ్రీకు రాజు అంతియొకసు ఎపిఫనేసు యెరూషలేము ఆలయ బలిపీఠాన్ని అపవిత్రం చేయడం గురించేననే పండితులు కూడా చాలామంది ఉన్నారు. ఆ సంఘటనకూ ఈ మాటలకూ పోలిక ఉంది. కానీ దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత ప్రభువు మత్తయి 24:15లో దానియేలు చెప్పిన హేయవస్తువును, అంటే ఆలయాన్ని అపవిత్రం చేసేదాన్ని, ఇంకా రాబోయేదిగానే చెప్పాడు. ఆయన మాటే నాకు ప్రమాణం.

ప్రశ్న: ఈ 457 నుంచే లెక్కపెట్టి రెండో రాకడ తేదీ కూడా చెప్పవచ్చని ఒకరు అంటున్నారు. నమ్మవచ్చా? (ఒక యువకుడు)

జవాబు: వద్దు బాబూ. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు దానియేలు 8వ అధ్యాయంలోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, 457 నుంచే లెక్కపెట్టారు. ఆ ఉద్యమం చివరికి 1844 అక్టోబరు 22ను ఖాయం చేసుకుంది. వేలమంది ఎదురుచూశారు, ఆ రోజు గడిచిపోయింది. 8వ అధ్యాయంలో యెరూషలేము కట్టే ఆజ్ఞ ప్రస్తావనే లేదు. 9వ అధ్యాయం మొదలు తెచ్చి దానికి అతికించారు. కాలాలు, సమయాలు తెలిసికొనుట మీ పని కాదని అపొస్తలుల కార్యములు 1:7లో ప్రభువే చెప్పాడు. మీకు తేదీ చెప్పినాయనను, లెక్క మొదలయ్యే ఏడాది ఏ వచనంలో ఉందో చూపించమని మర్యాదగా అడగండి.