పెట్టె కట్టేముందు తూకం మిషను

బుజ్జీ,

కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరగడానికి, లోపలే పడుకునేలా మీరు కట్టుకుంటామన్న ట్రైలర్ బొమ్మ చూశాను. ముచ్చటగా ఉంది. వెనక వంటగట్టు, పక్కన కిటికీలు, అల్లుడు ఆ కిటికీలకు కర్టెన్లు కూడా గీశాడు! అత్తయ్య అప్పుడే లేపాక్షికి బట్టలు సర్దుతోంది. కానీ అంత బొమ్మలో ఒక్క చోట కూడా కిలోలు రాయలేదు. ఫోన్‌లో చెబితే నవ్వి వదిలేస్తారని తీరిగ్గా రాస్తున్నా.

కూర్చుని లెక్కేశాను. 18 ఎంఎం ప్లైవుడ్ తొమ్మిది షీట్లు పడుతుంది. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి 35 కిలోల దగ్గర తూగుతుంది. అంటే చక్రం, ఇరుసు, పరుపు ఏవీ రాకముందే మూడొందల కిలోలు దాటిపోయింది. వంటింటి అల్మరా చేసినట్టు చేస్తే ఇంతే. మీ కారు ఎంత లాగగలదో ముందు దాని బుక్కులో చూడండి. బ్రేకులున్న ట్రైలర్‌కి ఒక లెక్క, లేనిదానికి అంతకంటే తక్కువ లెక్క ఉంటుంది. కొన్ని కార్లకు అసలు లాగొద్దనే రాసి ఉంటుంది. ఆ అంకె దొరికాకే డ్రాయింగు.

ఒక నోటుబుక్కు పెట్టుకుని, కొన్న ప్రతిదాన్నీ తూచి రాయండి. నీళ్లు లీటరుకి కిలో. 100 ఏహెచ్ (కరెంటు ఎంత పట్టుకుంటుందో చెప్పే లెక్క) పాతరకం సీసం బ్యాటరీ 30 కిలోల చుట్టూ ఉంటే, లిథియంది 12 లోపే. డబ్బులు ఎక్కువే, అయినా నేనైతే అక్కడ ఖర్చు పెడతాను, అల్యూమినియం మెరుపుల మీద కాదు.

గోడలకు తేలికైన పద్ధతి ఒకటుంది. 25 ఎంఎం ఎక్స్‌పీఎస్ ఫోము (థర్మాకోల్ లాంటిదే, ఇంకాస్త గట్టిది) షీటు రెండున్నర కిలోలే. దానికి అటూ ఇటూ 4 ఎంఎం ప్లై అతికిస్తే మొత్తం 20 కిలోల లోపు వస్తుంది. విడిగా 12 ఎంఎం ప్లై కంటే తేలిక, దానికంటే గట్టి, పైగా ఎండ లోపలికి రాదు. గమ్ము విషయంలో మాత్రం జాగ్రత్త. చెప్పులు అతికించే ఆ పసుపు గమ్ము నేను ఫోము మీద పూశాను. నా కళ్లముందే మంచుగడ్డ కరిగినట్టు గుంటలు పడి, అరచేయంత బొక్క మిగిలింది. పాలియురెథేన్ గమ్మో, నీళ్లలో కలిసే చెక్క గమ్మో వాడండి. ఏదైనా సరే, ముందు చిన్న ముక్క మీద పూసి ఒక రాత్రి ఉంచి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. వెనక వంటగట్టు పెట్టారు చూడు, నేను కూడా మొదటిసారి అదే చేశాను. స్టవ్వు, గిన్నెలు, 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, అన్నీ చక్రాల వెనకే. హార్సిలీ హిల్స్‌కి బయల్దేరి చింతామణి దాటాక ఒక దిగుడులో స్పీడు 70 అయింది. అద్దంలో చూస్తే ట్రైలర్ కప్పు ఎడమకి పోయింది, మళ్లీ కుడికి వచ్చింది, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ. కారు తోక పట్టుకుని ఎవరో ఊపుతున్నట్టు! భయంతో బ్రేకు తొక్కాను, ఇంకా ఎక్కువైంది. చేయాల్సిందేంటంటే స్టీరింగు కదలకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేయడం. ఆ బుద్ధి నాకు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అత్తయ్య మదనపల్లె వరకు నాతో మాట్లాడలేదు.

అక్కడ క్యాన్లు రెండూ చక్రాల ముందుకి జరిపాను. తిరుగుప్రయాణంలో ఊపే లేదు. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతు ట్రైలర్ ముందు, కారుకి తగిలించే కొక్కెం మీద పడాలి. సామానంతా ఎక్కించాక 500 కిలోలైతే అక్కడ 50 నుంచి 75. దీన్ని కొలవడానికి లారీల కాటా పనికిరాదు, అది పదేసి కిలోల లెక్కన చూపిస్తుంది. నేల సమానంగా ఉన్నచోట, ఇంట్లో మనం ఎక్కి నిలబడే తూకం మిషను మీద చెక్క దుంగ పెట్టి, కొక్కేన్ని కారుకి తగిలించే ఎత్తులోనే దాని మీద ఆనించండి. మొత్తం బరువుకైతే కాటాకే వెళ్లండి.

బెంగళూరు పీణ్యలో చాసిస్ (చక్రాలుండే కింది ఇనప చట్రం) వెల్డింగ్ చేసిస్తామనేవాళ్లు బోలెడు మంది దొరుకుతారు. ఆగండి. మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా ఒక వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. ఆర్టీఓ ఆఫీసులో ఏ చాసిస్ ఒప్పుకుంటారో అడిగి తెలుసుకోండి, వీలైతే అనుమతి ఉన్న తయారీదారు చాసిస్ కొని దానిమీద పెట్టె కట్టండి. ఘాటుకి వెళ్లే ఆలోచన ఉంటే ట్రైలర్‌కి సొంత బ్రేకులు పెట్టించండి. కారు నెమ్మదించగానే వెనక నుంచి తోసుకొచ్చే ఆ తోపుడుకే బ్రేకు పడే రకం సులువు. కొక్కెంతోపాటు రెండు గొలుసులు అడ్డంగా మెలేసి కట్టడం మరవద్దు. వైరింగ్ సామాను ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది, ఫ్యూజు మాత్రం బ్యాటరీ పక్కనే ఉండాలి.

వానకి తడిసేచోట ప్లై ఐఎస్ 710 ముద్ర (నీళ్లకు తట్టుకునే రకమని గుర్తు) ఉన్నదే. అంచులకు నీళ్లు పట్టని పూత రెండుసార్లు పూశాకే బిగించాలి, తరవాత పూద్దామంటే కుదరదు. పైన గాలి పోయే కిటికీ ఒకటి తప్పనిసరి, ఇద్దరి ఊపిరికే తెల్లారేసరికి గోడలు చెమర్చుతాయి. లోపల స్టవ్వు వెలిగించొద్దు, ఎంత చలేసినా.

ఇంకోటి. మీ గేటు కొలిచారా? చక్రాల మీది మడ్గార్డులతో కలిపి కొలవండి. 30 బై 40 అడుగుల సైట్లో ట్రైలర్ కట్టి, బయటికి తీయడానికి గేటు స్తంభం కొట్టించిన పెద్దమనిషి ఒకడున్నాడు. ఎవరని అత్తయ్యని అడగకు.

ఆదివారం పొద్దున వస్తాను, తూకం మిషను నేనే తెస్తాను. ఆ తొమ్మిది షీట్లకి ఆర్డర్ ఇచ్చేసి ఉంటే ఇవాళే ఫోన్ చేసి ఆపేయండి.

మీ మామయ్య