ఆ గొంతు విడిపడే చోటు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన వ్యాసం అందింది. రాత్రి ఒకసారి, పొద్దున్నే కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. 'ఐల్ నెవర్ స్మైల్ అగైన్' అనే ఆ పాత ఇంగ్లీషు పాట నాకు ప్రాణం. దాని మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడం ఎంత సంతోషమో చెప్పలేను. అందుకే నచ్చనివి కూడా దాచకుండా రాస్తున్నాను.

వ్యాసంలో సగం ఆ పాట కట్టిన రూత్ లో (Ruth Lowe) అనే ఆమె కథే ఉంది. కదిలించే కథే. టొరంటో అమ్మాయి, పియానో వాయించేది, అందరూ ఆడవాళ్లే ఉన్న ఇనా రే హటన్ బ్యాండులో పనిచేసింది. పెళ్లయిన కొద్ది కాలానికే, 1939లో భర్త పోయాడు. ఆ దుఃఖంలో ఈ పాట కట్టింది. దీనికి ఒక్క పేరా చాలమ్మా. నువ్వు నాలుగు రాశావు. పాట చెవికి ఎలా వినిపిస్తుందో మాత్రం ఒక్క వాక్యం లేదు. 'గుండెను పిండేసే స్వరం', 'అజరామర గానం' అన్నావు. ఈ మాటలు ఘంటసాల గురించి రాసినా పడతాయి, ఇంకెవరి గురించి రాసినా పడతాయి. కొట్టెయ్.

ఇంకో మాట. దీన్ని 'ఫ్రాంక్ సినాట్రా పాట' అన్నావు. 1940లో దాన్ని కొన్నవాళ్లకు అది బ్యాండు నాయకుడు టామీ డోర్సీ రికార్డు, సినాట్రా ఆ బ్యాండులో గాయకుడు. లేబుల్ మీద ముందుండేది బ్యాండు పేరు, గాయకుల పేర్లు దాని కింద. మన పాఠకుడికి ఇది విడమరిచి చెప్పాలి. ఎందుకంటే మనకు పాటంటే గాయకుడే, వాద్యాలు వెనక ఉంటాయి. ఆ కాలపు బిగ్ బ్యాండులో, అంటే డాన్సుకు వాయించే పెద్ద వాద్యబృందంలో, అలా కాదు. గాయకుడు జీతగాడు. తన వంతు వచ్చేదాకా వేదిక మీద కుర్చీలో కూర్చుని, లేచి తన ముక్క పాడి, మళ్లీ వెళ్లి కూర్చునేవాడు. జనం వచ్చింది డాన్స్ చేయడానికి. అందుకే చాలా రికార్డుల్లో వాద్యాలు ముందు పాటంతా ఒకసారి వాయించేస్తాయి, ఆ తర్వాతే గొంతు వినిపిస్తుంది. పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేదే మూడు నిమిషాల చిల్లర. అందులో గాయకుడికి దక్కేది ఎంతో లెక్క వేసుకో.

ఇప్పుడు డోర్సీ రికార్డు పెట్టుకుని విను. 1940 మే 23న చేసింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకో, కళ్లు మూసుకో. మొదట సెలెస్టా వినిపిస్తుంది. చూడ్డానికి చిన్న పియానోలా ఉంటుంది కానీ, లోపల సుత్తులు లోహపు పలకల మీద కొడతాయి. అందుకే చిన్న గంటలు మోగినట్టుంటుంది. తర్వాత పైడ్ పైపర్స్ అనే గాయక బృందం అందుకుంటుంది. ముగ్గురు మగవాళ్లు, ఒక అమ్మాయి. ఆ అమ్మాయి జో స్టాఫర్డ్, తర్వాత తనే పెద్ద పేరు తెచ్చుకుంది. (ఆ బృందంలో మొదట ఎనిమిది మంది ఉండేవారు. అంతమందిని పెట్టుకునే స్థోమత లేదన్నాడు డోర్సీ. నలుగురై తిరిగొచ్చారు.) సినాట్రా కూడా వాళ్లలో కలిసే పాడుతుంటాడు. అక్కడ అతని గొంతు పట్టుకోవడం కష్టం. కాసేపటికి మిగతా గొంతులు తగ్గుతాయి, అతనొక్కడూ మిగులుతాడు. గుంపులోంచి ఒక మనిషి పక్కకు వచ్చి మనతో మాట్లాడినట్టుంటుంది. అప్పుడతనికి 24 ఏళ్లు. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

ఆ ఒంటరి వాక్యాల్లో ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో గమనించు. డోర్సీ ట్రాంబోన్ వాయిస్తుంటే సినాట్రా వెనక కూర్చుని, ఈయన శ్వాస ఎప్పుడు తీస్తున్నాడా అని వీపు వైపే చూసేవాడట. కోటు కదిలేది కాదట. నోటి మూలన సన్నటి సందు చేసుకుని గాలి లాగుతాడని తర్వాత తెలిసింది. ఆ పట్టు కోసం సినాట్రా నీళ్లలో మునిగి ఈదేవాడు. ఈ సంగతి తనే చెప్పుకున్నాడు. ఒక గాయకుడికి గురువు ఒక ఇత్తడి వాద్యం కావడం ఎంత గొప్ప విషయం! నువ్వు దీన్ని సగం వాక్యంలో దాటేశావు.

అదే ఏడాది మొదట్లో గ్లెన్ మిల్లర్ బ్యాండు కూడా తన గాయకుడు రే ఎబర్లీతో ఈ పాట రికార్డు చేసింది. ఇంక్ స్పాట్స్ అనే గాయక బృందం కూడా పాడింది. డోర్సీది మాత్రం 1940 జులై 27న బిల్‌బోర్డ్ పత్రిక వేసిన మొట్టమొదటి జాతీయ అమ్మకాల జాబితాలో ఒకటో స్థానంలో నిలిచి, 12 వారాలు అక్కడే ఉంది. ఎందుకు అని అడుగు. మిల్లర్ రికార్డూ డోర్సీ రికార్డూ పక్కపక్కన పెట్టుకుని వింటే నీకే తోస్తుంది. నాకు తోచింది చెప్పను.

ముప్పై ఏళ్ల కింద నేనొక వారపత్రికకు ఒక గాయని గురించి రాశాను. రికార్డు దొరకలేదు, అట్ట వెనక రాసింది చదివి 'వీణలాంటి గొంతు' అని రాసేశాను. ఆరు నెలలకు రికార్డు చేతికొచ్చింది. ఆమెది లోతైన, కాస్త జీర ఉన్న గొంతు. నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఆమెకు నేను చేసిన అన్యాయం అది. అప్పటినుంచి విననిదాన్ని గురించి ఒక్క విశేషణం కూడా వాడలేదు.

1942 ఆగస్టులో అమెరికాలో మొదలైన వాద్యకారుల సమ్మె గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, ఉంచు. వాద్యాలు స్టూడియోకి రానప్పుడు గాయకులు వెనక బృందగానం పెట్టుకుని పాడారనీ, గాయకుడి పేరు ముందుకు రావడానికి అదొక కారణమనీ సరిగ్గానే పట్టుకున్నావు.

చివరగా ఇదే పాటకు సినాట్రా చేసిన 1959 రికార్డు విను. గోర్డన్ జెన్కిన్స్ కూర్చిన తీగ వాద్యాలు, సినాట్రా ఒక్కడే. 43 ఏళ్లు. డాన్స్ చేసేవాళ్లు లేరు, తోడు గొంతులు లేవు, తొందర లేదు. అదే పాటలో 24 ఏళ్ల వాడు చెప్పిన మాట ఇతను ఎలా చెబుతున్నాడో రాయి. ఏది గొప్పదని తీర్పు ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

తిరగరాసినప్పుడు నిమిషం, సెకను వేసి నీ నోట్సు కూడా పంపు. నా పాత నోట్‌బుక్ తీసి పక్కన పెట్టుకుంటాను. గుంపులోంచి అతని గొంతు విడిపడే చోటు నీకూ నాకూ ఒకటేనా కాదా చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు